ఒక పెట్టె, ఐదుగురు పనివాళ్లు

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా పెద్దమ్మ నాకు ఫోన్ చేసిందంటే మూడే కారణాలు. ఆవకాయ కలిపింది, వచ్చి సీసా పట్టుకెళ్లమని. ఎవరిదో పెళ్లి కుదిరిందని. లేదా నెట్టు పోయిందని. ఈ మే నెలలో వచ్చిన ఫోను మూడో రకం.

“ఏరా, పొద్దుటి నుంచీ నెట్టు రావట్లేదు. పదిసార్లు ఆపి వేశాను. వెనకాల చిన్న బొక్క ఉందిగా, దాంట్లో పిన్నీసు పెట్టి నొక్కాను కూడా. ఇప్పుడు ఫోన్లో మన వైఫై పేరే కనపడట్లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ వస్తున్నాయి.”

“ఎర్ర లైటు వెలుగుతోందా పెద్దమ్మా?”

“అదా? అది పొద్దుటి నుంచీ మిణుకుమిణుకుమంటూనే ఉంది.”

నాకు కావలసింది ఆ చివరి మాటే. ఆ ఎర్ర లైటు మిణుకుమంటోందంటే చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, వీధిలో స్తంభం మీది తీగది. ఆపి వేసినా, తిట్టినా, పిన్నీసుతో పొడిచినా తెగిన తీగ అతుక్కోదు. కానీ ఆ పొడవడంతో అప్పటిదాకా శుభ్రంగా ఉన్న భాగం కాస్తా పోయింది. సాయంత్రం కేబుల్ అబ్బాయి వచ్చి తీగ అతికాడు, ఎర్ర లైటు ఆరింది, అయినా నెట్టు రాలేదు. పెట్టెలో రాసి ఉన్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయాయి మరి. అవి ఆఫీసులో ఒకాయన దగ్గరున్నాయట, ఆయన ఆ రోజు సెలవట. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆ ఇంట్లో సీరియల్ మొదలవలేదు.

పెద్దమ్మను అని లాభం లేదు. అందరం దాన్ని రౌటర్ అని ఒక్క పేరుతో పిలుస్తాం కాబట్టి అదొక్క వస్తువనుకుంటాం. నిజానికి ఆ తెల్ల పెట్టె అద్దె గదిలాంటిది, అందులో ఐదుగురు పనివాళ్లుంటారు. వీధిలోంచి వచ్చే వెలుగును చదివేవాడు ఒకడు. ఇంటికీ బయటి ప్రపంచానికీ మధ్య నిలబడి మాట దాటించేవాడు ఇంకొకడు, అసలు రౌటరంటే వీడే. ఇంట్లో తీగలను కలిపేవాడు మూడోవాడు. గాల్లో వైఫై పంచేవాడు నాలుగోవాడు. ఎవరికి ఏ నంబరిచ్చానో రాసుకునే గుమస్తా ఐదోవాడు. వైఫై రావట్లేదన్నా, నెట్టు రావట్లేదన్నా మనకు ఒకటే. అవి ఇద్దరు వేర్వేరు పనివాళ్ల మీద ఫిర్యాదులు.

వెలుగు చదివేవాడు

ఇప్పుడు మన ఇళ్లకు నెట్టు ఎక్కువగా ఫైబర్ మీద వస్తోంది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ప్రైవేటు వాళ్ల తీగలూ చాలావరకు స్తంభాల మీదే వేలాడుతుంటాయి. పైన నల్లటి తొడుగు లావుగా కనిపించినా లోపలి గాజు పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతే. ఉడుత కొరికినా, మిర్చి టిక్కీలు ఎత్తుగా వేసుకెళ్లే లారీకి తగులుకున్నా, గాలికి కొమ్మ విరిగి పడినా దాని పని అయిపోయినట్టే.

ఆ పోగులో కరెంటు ఉండదు, వెలుగు ఉంటుంది. కంటికి కనపడని వెలుగు. ఆపరేటర్ ఆఫీసులో ఉండే పెద్ద యంత్రం పేరు ఓఎల్‌టీ. అక్కడి నుంచి బయల్దేరిన ఒక పోగును దారిలో చిన్న చిన్న స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. మన ఇంట్లో దాన్ని అందుకునే భాగం ఓఎన్‌యూ. జీపాన్ అనే ఈ పద్ధతిలో కిందికి వచ్చే వేగం సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి వెళ్లేది 1.25 గిగాబిట్లు. అది ఆ పోగు మీద ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి. రాత్రి తొమ్మిదింటికి లైనంతా సినిమాలు చూస్తుంటే మనకు నెమ్మదించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కిందికి వచ్చే వెలుగుకు ఒక రంగు, పైకి వెళ్లేదానికి మరొకటి: 1490, 1310 నానోమీటర్లు. అందుకే ఒకే పోగులో ఎదురెదురుగా వెళ్తున్నా ఢీకొనవు. పైకి మాట్లాడేటప్పుడు మాత్రం ఇళ్లన్నీ ఒకేసారి అరిస్తే గోల అవుతుంది కాబట్టి ఎవరి వంతు ఎప్పుడో ఓఎల్‌టీ చెబుతుంది. ఆ వంతు ఇంకా దొరకనప్పుడు పెట్టె మీది పాన్ లైటు కొట్టుకుంటూ ఉంటుంది. దొరికాక నిలకడగా వెలుగుతుంది. అసలు వెలుగే రాకపోతే ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు మిణుకుమంటుంది.

కేబుల్ అబ్బాయి చేతిలో అరచేయంత మీటరు ఉంటుంది. “మైనస్ ఇరవై రెండుందండీ, పర్లేదు” అంటాడు. అది డీబీఎం, అంటే వెలుగు బలాన్ని కొలిచే లెక్క. మైనస్ 20 అంటే మిల్లీవాటులో నూరో వంతు వెలుగు. అంత కాస్త వెలుగుతోనే మన ఇల్లు నడుస్తోంది. వెలుగు ఇంకా తగ్గి మైనస్ 27 దగ్గరికి పోయిందంటే అంచున ఉన్నట్టు. నెట్టు వస్తూ పోతూ ఉంటుంది. అలాంటప్పుడు ముందు చూడాల్సింది పెట్టె వెనక పచ్చ మూతి ఉన్న సన్న తీగను. సోఫా కింద నలిగిందా? మేకు చుట్టూ బిగించి చుట్టేశారా? గాజు పోగు మడత పడితే వెలుగు అక్కడే జారిపోతుంది. ఆ పచ్చ మూతి చివర కొంచెం ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలం మూతి అలా ఉండదు. రెండూ దూరినట్టే కనిపిస్తాయి గానీ పచ్చదానికి పచ్చదే పెట్టాలి. విప్పిన తీగ చివర కంట్లోకి పెట్టి చూడకండి. కనపడదు కదా అని అది కంటికి మంచిది కాదు.

బ్రాడీపేట నాలుగో లైను

ఇక నంబర్ల సంగతి. నెట్టులో ప్రతి వస్తువుకూ ఉండే ఐపీ అడ్రసు అనే నంబరు గురించి గుంటూరు వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. మనం పుట్టిన దగ్గర్నుంచీ 4/7, 3/11 అని అడ్రసులు చెప్పుకునే ఊరు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. బ్రాడీపేటలో రిక్షా ఎక్కి “నాలుగు బై ఏడు” అంటే చాలు, పేట పేరు అక్కర్లేదు. కానీ అరండల్‌పేటలోనూ లైన్లున్నాయి, అడ్డరోడ్లున్నాయి. శంకర్ విలాస్ దగ్గర రైలు పట్టాలు దాటి అదే 4/7 అంటే ఇంకెవరి గుమ్మంలోనో దిగుతాం. పేట లోపల చాలే నంబరు పేట దాటితే చాలదు.

మీ ఫోన్లో వైఫై వివరాలు తెరిచి చూస్తే 192.168.1.5 లాంటిది కనపడుతుంది. పక్క ఫ్లాటులో చూసినా దాదాపు అదే. విజయవాడలో మా బావమరిది ఇంట్లోనూ అదే. అది పేట లోపలి నంబరు. ఈ రకం ఐపీ నంబర్లు మొత్తం 429 కోట్ల చిల్లర మాత్రమే ఉన్నాయి. ఆ లెక్క వేసినప్పుడు ఇంటింటికీ పది ఫోన్లు, టీవీ, కెమెరా ఉంటాయని ఎవరనుకున్నారు? అందరికీ చాలవని గ్రహించి 1996లో కొన్ని వరసలను ఇంటి వాడకానికి విడిగా పెట్టేశారు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి ఆ కోవలోవే. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఇంటి గడప దాటి చెల్లవు. ఇక బయట చెల్లే నంబర్ల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది.

మరి గడప దాటి చెల్లని నంబరుతో ఫోను యూట్యూబ్‌తో ఎలా మాట్లాడుతోంది? ఇదే రెండో పనివాడి పని. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను తలచుకోండి. 304 ఫ్లాటు వాళ్లు ఉత్తరం పంపమని ఇస్తే వాచ్‌మన్ దాని మీద ఫ్లాటు నంబరు కొట్టేసి, అపార్ట్‌మెంటు పేరు రాసి, పక్కన 5023 అని ఒక టోకెన్ వేసి పంపుతాడు. తన పుస్తకంలో 5023 అంటే 304 అని రాసుకుంటాడు. జవాబు 5023 పేరుతో వస్తుంది, పుస్తకం చూసి 304కు అందిస్తాడు. బయటివాళ్లకు లోపల ఎన్ని ఫ్లాట్లున్నాయో, ఎవరున్నారో తెలియదు. రౌటర్ ఈ పనిని సెకనుకు వేలసార్లు చేస్తుంది. దీని పేరు నాట్. టోకెన్ లేకుండా బయటి నుంచి ఏదైనా వస్తే ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. ఇంటికి ఆ మాత్రం కాపలా ఇలా ఊరికే దొరుకుతోంది.

ఆపి వేస్తే బాగవడంలోని గుట్టు కొంత ఇక్కడే ఉంది. చవక పెట్టెలో జ్ఞాపకశక్తి ఉండేది 64 నుంచి 128 మెగాబైట్లు. ఆ పుస్తకం నిండిపోయినా, ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుపడినా పెట్టె మొద్దుబారుతుంది. కరెంటు తీసి అరనిమిషం ఆగి వేస్తే పుస్తకం కొత్తగా మొదలవుతుంది. అంతే గానీ ఆ మందు తెగిన తీగకు పనిచేయదు, కట్టని బిల్లుకూ పనిచేయదు.

రౌటర్ అనే మాటకు అర్థం దారి చూపేది. మనకు దగ్గర్లో దానికి పెద్ద ఉదాహరణ విజయవాడ జంక్షన్. కాజీపేట వైపు, గూడూరు వైపు, విశాఖ వైపు, గుంటూరు వైపు, మచిలీపట్నం వైపు పట్టాలు చీలతాయి. వచ్చిన రైలును చెన్నై దాకా తోసుకెళ్లడం జంక్షన్ పని కాదు. ఏ లైను మీదికి వదలాలో తేల్చి వదిలేస్తే తర్వాతి స్టేషన్ చూసుకుంటుంది. ఇంటర్నెట్ నడిబొడ్డున ఉండే రౌటర్లు 9 లక్షలకు పైగా దారులు గుర్తుపెట్టుకుని ఈ పని చేస్తాయి. వాటి తాత 1969లో అమెరికాలో, ఫ్రిజ్జంత ఉండేది, పేరు ఐఎంపీ. మన ఇంటి పెట్టెకు తెలిసింది రెండే దారులు: ఇంట్లోదైతే ఇంట్లోకి, మిగతాదంతా ఆపరేటర్ వైపుకి. పేరుకు రౌటరే గానీ నంబూరు స్టేషనంత పనే.

ఒక చిక్కుంది. ఈ మధ్య ఆపరేటర్లు కూడా నంబర్లు చాలక పెద్ద వాచ్‌మన్‌ను ఒకణ్ని పెడుతున్నారు. మీ రౌటర్ స్టేటస్ పేజీలో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ పెద్ద వాచ్‌మన్ వెనక ఉన్నట్టు. కొత్తపేటలో దుకాణం పెట్టుకుని, ఇంట్లోంచి సీసీ కెమెరా నేరుగా చూడాలని రౌటర్ పేజీలో పోర్టులు, అంటే బయటివాళ్లు లోపలికొచ్చే ద్వారాలు, తెరిచి తెరిచి విసిగిపోయినవాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మీ వాచ్‌మన్‌కు ఎంత చెప్పినా బయటి గేటు మీ చేతిలో లేదు. ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బయటి నంబరు, అడగాలి, లేదా కెమెరా కంపెనీ యాప్ మీద ఆధారపడాలి.

తీగల లెక్క

మూడో పనివాడు స్విచ్. నోరు మెదపని మనిషి, చెడిపోవడమూ తక్కువే. పెట్టె వెనక ఒకే రంగులో వరసగా కనిపించే లాన్ పోర్టులు ఇతనివి. పక్కన వేరే రంగులో ఒంటరిగా ఉండేది వాన్ పోర్టు, బయటి నుంచి వచ్చే తీగ దానికి. ఫైబర్ నేరుగా దూరే పెట్టెల్లో వాన్ పోర్టు వేరుగా కనపడకపోవచ్చు. ఆ పచ్చ మూతి దూరే చోటే వాన్.

జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అదీ తెలియకుండా. మా ఆఫీసులో ఒకతను 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాడు. ఎన్నిసార్లు కొలిచినా 94. ఆపరేటర్‌తో నెల రోజులు గొడవ. చూస్తే అతను సొంతంగా కొన్న రౌటర్ పోర్టులన్నీ 100 ఎంబీపీఎస్‌వే. నాలుగు యాంటెన్నాలు, పెట్టె మీద 1200 అని పెద్ద అంకె. ఆ అంకె వైఫైది, అదీ దాని రెండు రకాల తరంగాలూ (బ్యాండ్లూ) కలిపి కాగితం మీద వేసిన లెక్క. లోటాతో పోస్తే డ్రమ్ము ఎంత పెద్దదైతే ఏం లాభం? 100 పోర్టులోంచి ఖర్చులు పోను 94, 95 వస్తాయి. కాబట్టి స్పీడ్ టెస్టులో సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగిపోతుంటే అనుమానించాల్సింది ఆపరేటర్‌ను కాదు, మీ పోర్టును. కొనేటప్పుడు గిగాబిట్ పోర్టులా అని అడగండి.

పోర్టు గిగాబిట్ అయినా తీగ మోసం చేయొచ్చు. లాన్ కేబుల్‌లో ఎనిమిది పోగులుంటాయి. 100కు నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. తీగకు పిన్ను కొట్టేటప్పుడు గోధుమ రంగు పోగు ఒకటి అందకపోతే చాలా పెట్టెలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. పిన్ను కొట్టేవాడు పాటించే వరస ఇది: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు, మన ఇళ్లకు ఆ భయం లేదు. ఇంకో గందరగోళం బిట్లకూ బైట్లకూ మధ్య. ప్లాన్ బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ప్లాన్‌లో సెకనుకు 12 మెగాబైట్లు దిగితే ఎవరూ మిమ్మల్ని మోసం చేయనట్టే.

గాల్లో పంచేవాడు

ఫిర్యాదుల్లో సగం ఇతని మీదే వస్తాయి, సగం తప్పులు మనవే. బిగించే కుర్రాడు తీగ ఎక్కడి నుంచి లోపలికి వస్తే అక్కడే, వీధి గుమ్మం పైనో బాల్కనీ మూలనో పెట్టె తగిలించి వెళ్లిపోతాడు. సగం వైఫై రోడ్డుకు పోతుంది. లోపలి పడగ్గదికి వెళ్లాలంటే రెండు గోడలు, ఒక ఫ్రిజ్జు, పైగా అద్దం బిగించిన ఇనుప బీరువా. రేడియో తరంగానికి ఇటుక గోడ కాస్త బరువు, కాంక్రీటు ఇంకాస్త, ఇనుప బీరువా అంటే ఇక ముందుకు వెళ్లనట్టే. ఇంటి మధ్యలో, తల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉన్న చోటు మంచిది. ఇంకో ఐదు మీటర్ల తీగ కావాలంటే కుర్రాడు నసుగుతాడు. అయినా బిగించే రోజే అడిగి పెట్టించుకోండి, తర్వాత ఎవరూ రారు.

పెట్టె నుంచి రెండు రకాల తరంగాలు వస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది గానీ సంతలాంటిది. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా వాడుకోదగ్గ చానెళ్లు మూడే: 1, 6, 11. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఇరవై పెట్టెలు ఆ మూడింటి కోసం తోసుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే కూస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ, కానీ రెండో గోడ దగ్గరే నీరసిస్తుంది. టీవీ, ల్యాప్‌టాప్ లాంటివి పెట్టె దగ్గర్లో ఉంటే 5కు కలపండి, వెనక గదిలో ఫోన్లకు 2.4 వదలండి. కదలని వస్తువుకు, ముఖ్యంగా టీవీకి, తీగ లాగితే ఇంకా హాయి. యాంటెన్నాల సంఖ్య చూసి మోజుపడొద్దు. నిటారుగా నిలబెట్టిన యాంటెన్నా చుట్టూరా పంచుతుంది, తన పైకీ కిందికీ తక్కువ. మేడ మీదికి కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి.

ఎండ సంగతి చెప్పకపోతే గుంటూరు వాణ్ని కాను. ఇంట్లో వాడే చాలా రౌటర్లు పనిచేసే వేడి 0 నుంచి 40 డిగ్రీలని కంపెనీలే రాస్తాయి. మన మే నెలకు ఆ కాగితం చదవడం రాదు. అలాంటిది పెట్టెను ఇన్వర్టర్ మీద పెట్టి, దుమ్ము పడకుండా కుట్టుపూల గుడ్డ కప్పితే? పెద్దమ్మ అదే చేసింది. గుడ్డ తీశాక మధ్యాహ్నం పూట నెట్టు ఆగడం తగ్గింది. అది తీసిందని నాతో పది రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

గుమస్తా, నా తెలివితక్కువతనం

ఐదోవాడు డీహెచ్‌సీపీ. కొత్త ఫోను గుమ్మంలో అడుగుపెట్టగానే “నీ నంబరు 192.168.1.9, బయటికెళ్లాలంటే 192.168.1.1ని అడుగు, సైట్ల పేర్లకు నంబర్లు వెతకాలంటే ఈ డీఎన్‌ఎస్‌ను అడుగు” అని చీటీ రాసిస్తాడు. ఈ పని జరుగుతోందని కూడా మనకు తెలియదు. నాకు తెలిసింది ఇద్దరు గుమస్తాలను ఒకే ఇంట్లో పెట్టినప్పుడు.

వెనక గదిలో వైఫై అందట్లేదని ఇంకో రౌటర్ కొన్నాను. హాల్లో పెట్టె లాన్ పోర్టు నుంచి తీగ తెచ్చి కొత్తదాని లాన్ పోర్టులో పెట్టాను. గంటలో ఇంట్లో సగం ఫోన్లకు నెట్టు ఉంది, సగానికి లేదు. ఆపి వేస్తే ఉన్నవాటికి పోయి లేనివాటికి వచ్చింది. అర పూట బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది: రెండు పెట్టెలూ చీటీలు రాస్తున్నాయి. కొత్త పెట్టె చేతి చీటీ అందినవాళ్లు బయటికి దారి కోసం దాన్నే అడుగుతున్నారు, దానికి దారి తెలియదు. రెండూ తమ నంబరు 192.168.1.1 అనే చెప్పుకుంటున్నాయి, అదొక శోభ. కొత్తదాన్ని వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చగానే అంతా సర్దుకుంది. ఆ మోడ్ లేని పెట్టెలో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని నంబరు 192.168.1.2గా మారిస్తే అదే పని అవుతుంది.

ఇదే తీగను లాన్‌లో కాకుండా కొత్తదాని వాన్‌లో పెట్టి ఉంటే? అప్పుడు వాచ్‌మన్ వెనక వాచ్‌మన్. సినిమాలు నడుస్తాయి గానీ ఒక గదిలోని ప్రింటర్ ఇంకో గదిలోని ల్యాప్‌టాప్‌కు కనపడకపోవచ్చు. కొన్ని ఆన్‌లైన్ ఆటలూ మొరాయిస్తాయి.

ఇక కొత్త పెట్టె తెచ్చిన రోజు చేయాల్సింది. వైఫై కంటే ముందు లాన్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే మధ్యలో తెగిపోయే బాధ ఉండదు. తీగ లేకపోతే ఫోనుతోనూ అవుతుంది. అడుగున అంటించిన కాగితాన్ని ఫొటో తీసుకోండి. లోపలికి వెళ్లే నంబరు, మొదటి పాస్‌వర్డు అక్కడే ఉంటాయి. బ్రౌజర్లో ఆ నంబరు కొడితే, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1, పెట్టె తన పేజీ చూపిస్తుంది. అందులో యాభై పేజీలుంటాయి, ముట్టుకోవాల్సినవి ఐదారు.

మొదటిది వాన్ రకం. ఆపరేటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇస్తే అది పీపీపీఓఈ. ఏమీ ఇవ్వకుండా “పెట్టెయ్యండి, వస్తుంది” అంటే డీహెచ్‌సీపీ, అంటే అక్కడ ఆపరేటర్ గుమస్తా మన పెట్టెకు చీటీ రాస్తాడన్నమాట. నాలుగు నంబర్లు రాసి ఇస్తే స్టాటిక్. పాత పెట్టెతో వచ్చిన నెట్టు కొత్తదానితో రాకపోతే మ్యాక్ అడ్రసు అనుమానించండి. ప్రతి పెట్టెకూ పుట్టుకతో వచ్చే 12 అక్షరాల గుర్తు అది. కొందరు ఆపరేటర్లు దాన్ని మీ అకౌంటుకు ముడివేస్తారు. ఫోన్ చేసి కొత్తది చెబితే మారుస్తారు. ఫైబర్ నేరుగా దూరే పెట్టె అయితే బజారులో కొన్నది పెట్టినంత మాత్రాన రాదు, దాని గుర్తును ఓఎల్‌టీలో ఎక్కించాలి.

రెండోది, అందరూ వదిలేసేది, అడ్మిన్ పాస్‌వర్డు. వైఫై పాస్‌వర్డు వేరు, ఇది వేరు. మొదటిది ఇంట్లోకి రావడానికి, రెండోది ఇంటి తాళాలు మార్చడానికి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లోబరచుకుంది. అక్టోబరు 21న వాటిలో కొన్నిటితో ఒక అమెరికా డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. ఎవరో పెద్ద దొంగతనం చేసిందేమీ లేదు, అడ్మిన్, అడ్మిన్ అని కొట్టి చూశారంతే.

తర్వాత వైఫై. రక్షణ డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, పాస్‌వర్డు కొట్టకుండా బటనుతోనో పిన్ నంబరుతోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, బయటి నుంచి పెట్టెను తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆపేయండి. ఊళ్లో సగం వైఫైల పాస్‌వర్డు ఇంటాయన సెల్ నంబరే. పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు, పైగా నేమ్‌ప్లేట్ మీదో విజిటింగ్ కార్డు మీదో రాసే ఉంటుంది. చుట్టాలకు చెప్పడానికి సులువని పెడతారు. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే ఉంటుంది, దానికి పెట్టుకోండి మీ సరదా. ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపలి ప్రోగ్రాం, అప్‌డేట్ ఉంటే కరెంటు పోదనుకున్న పూట చేయండి. మధ్యలో పోతే పెట్టె ఇక లేవకపోవచ్చు.

అంతా అయ్యాక బ్యాకప్ అనే బటను నొక్కితే ఈ రాతలన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. అది ఫోన్లో ఉంటే పిన్నీసు పొడిచినా పది నిమిషాల పని. పిన్నీసు బొక్క రీసెట్, కరెంటు బటను రీస్టార్ట్. మొదటిది పుట్టినప్పటి స్థితికి తీసుకెళ్లడం, రెండోది నిద్రపుచ్చి లేపడం. ఫోన్లో కస్టమర్ కేర్ వాళ్లు రెండు మాటలూ కలిపి వాడేస్తారు, మనం మాత్రం అడిగి తేల్చుకోవాలి.

కరెంటు పోయినప్పుడు

పదేళ్ల కిందట నెట్టు రాగి తీగ మీద వచ్చేది. లైనుకొక స్విచ్ ఎవరి డాబా మీదో డబ్బాలో ఉండేది, వాళ్లింట్లో కరెంటు పోతే లైనంతా నెట్టు పోయేది. పిడుగు పడితే ఆ రాగి వెంట వచ్చి పోర్టులు మాడేవి. ఫైబర్‌లో ఓఎల్‌టీకీ మన ఇంటికీ మధ్య స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. ఆపరేటర్ దగ్గర బ్యాటరీ ఉండి, మన పెట్టె బతికి ఉంటే పేటంతా చీకట్లో ఉన్నా నెట్టు నడుస్తుంది. దానికి 12 వోల్టుల బుల్లి యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనే ముందు అడాప్టర్ మీద వోల్టులు చదవండి: కొన్ని పెట్టెలు 9 వోల్టులవి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతో అంతకన్నా ఎక్కువో ఉండాలి. పిన్ను పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పెట్టి కాల్చుకున్న పెట్టెలు మా వీధిలోనే రెండు.

పెద్దమ్మ ఇంట్లో ఆ యూపీఎస్ బిగించడానికి మొన్న వెళ్లాను. పాన్ లైటు నిలకడగా వెలుగుతోంది, ఎర్రది ఆరి ఉంది. పెట్టె వెనక్కి తిప్పితే పిన్నీసు బొక్క కనపడలేదు. దాని మీద మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.